ఒక్క పేరే రాయాలట: డేటా ఆవిష్కర్తల సన్మానానికి ఎవరిని పంపాలి?

బెళ్ళందూరు_చెరువుగట్టు · సోమవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. సలహా కోసం వచ్చాను. కథ కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద, ఒక విదేశీ చిల్లర వర్తక సంస్థ సాంకేతిక కేంద్రంలో పనిచేస్తున్నాను. తొమ్మిది మంది ఉన్న అనలిటిక్స్ బృందానికి లీడ్‌ని. మా దగ్గర ఏటా డిసెంబరులో డేటా ఆవిష్కర్తల సన్మానం అని ఒక వేడుక జరుగుతుంది. నెగ్గినవారికి తలమీద మైసూరు పేట, మెడలో గంధపు దండ, చేతికి గాజు జ్ఞాపిక, 50 వేల రూపాయల వోచర్, పైగా ప్రధాన కార్యాలయానికి వారం రోజుల ప్రయాణం. ఆ ఫొటో లిఫ్టు పక్కన ఏడాదంతా వేలాడుతుంది. పదోన్నతుల వేళ ఆ ఫొటోకు ఉన్న పలుకుబడి నా సిఫారసుకు లేదు.

బృందానికి ఒక్క పేరే పంపాలి. నా దగ్గర ఇద్దరున్నారు.

గుంటూరు అబ్బాయి, మూడేళ్ల అనుభవం. ఏ ఆర్డరు వెనక్కి వస్తుందో ముందే పసిగట్టే మోడల్ తయారుచేశాడు. మా వ్యాపారంలో వాపసు సరుకు పెద్ద తలనొప్పి. రవాణా రెండుసార్లు, ప్యాకింగ్ రెండుసార్లు, చివరికి ఆ చొక్కా సగం ధరకు పోతుంది. ఈ మోడల్ వచ్చాక అంచనాల్లో తప్పులు బాగా తగ్గాయి. దానికి తోడు అంకెలూ గీతలూ ఒకే తెరమీద చూపే డ్యాష్‌బోర్డు ఒకటి కట్టాడు, చూస్తే కళ్లు తిప్పుకోలేరు. విదేశాల నుంచి ఎవరొచ్చినా మా పై అధికారులు దాన్నే చూపిస్తారు, కొత్త కోడలి నగలు చుట్టాలకు చూపించినట్టు.

హిందూపురం అమ్మాయి, ఆరేళ్ల అనుభవం, మాట తక్కువ. వాపసుల సంఖ్య ఉండవలసినదానికంటే ఎక్కువగా కనిపిస్తోందని ఆమెకు అనుమానం వచ్చింది. ఆరు వారాలు గోడౌన్ స్కానర్ల రికార్డులు తవ్వింది. నెట్‌వర్క్ ఆగినప్పుడు స్కానర్ అదే సంకేతాన్ని మళ్లీ పంపుతోంది, మా పట్టికలో అది రెండో వాపసుగా వచ్చి కూర్చుంటోంది. ఈ సంగతి బయటపడ్డాక, వాపసుల అదుపు కోసమని కొనబోతున్న ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదని తేలింది. చూపించడానికి ఆమె చేతిలో ఉన్నదల్లా నలభై వరుసల క్వెరీ (పట్టికల నుంచి డేటా లాగే కోడ్), రెండు పేజీల నోటు.

ఫారంలో మొదటి గడి ఇది: “ఈ ఆవిష్కరణ వల్ల పెరిగిన రాబడి ఎంత?” అమ్మాయి పేరు రాస్తే అక్కడ సున్నా పెట్టాలి.

శుక్రవారం గడువు. మీరైతే ఏం చేస్తారు?

వైట్‌ఫీల్డ్_వలసపక్షి · సోమవారం, రాత్రి 10:58

అబ్బాయినే పంపండి. సన్మానం పెళ్లి ఫొటో లాంటిది, అందులో వంటవాళ్లు ఉండరు. అమ్మాయికి జీతం పెంచండి, ఆమె కూడా అదే కోరుకుంటుంది.

రాత్రి_పైప్‌లైన్ · సోమవారం, రాత్రి 11:20

వలసపక్షి గారూ, ఆ వంటవాడిని నేనే.

ఎనిమిదేళ్లుగా డేటా ఇంజినీరుగా ఉన్నాను. రాత్రి రెండు గంటలకు ఫోను మోగితే లేచి, తెగిన పైప్‌లైన్ (డేటాను పట్టికల్లోకి చేర్చే దారి) అతికించి, తెల్లవారేసరికి పట్టికలు నిండేట్టు చూస్తాను. నేను నింపిన పట్టికల మీద కట్టిన మోడళ్లకు నా పాత కంపెనీలో మూడు అవార్డులు వచ్చాయి. మూడోసారి వేదిక మీద కృతజ్ఞతలు చెబుతూ ఒకాయన “డేటా అందుబాటులో ఉండటం మా అదృష్టం” అన్నారు. ఆ అదృష్టం నాలుగో వరుసలో కూర్చుని చల్లారిన సమోసా తింటోంది.

జీతం పెంచితే చాలన్నారు. ఫొటో లేనివాడికి జీతం పెంచమని అడిగి చూడండి, “ఆవిష్కరణ ఏది?” అంటారు.

పతకాల_పిచ్చి · సోమవారం, రాత్రి 11:47

ఇదంతా మనుషులు ఓట్లు వేయడం వల్ల వచ్చిన చిక్కు. కొలత పెట్టండి, గొడవ తీరిపోతుంది. డేటా పోటీలు నడిపే కాగిల్ వెబ్‌సైటులో చూడండి: పోటీల విభాగంలో గ్రాండ్‌మాస్టర్ కావాలంటే ఐదు బంగారు పతకాలు ఉండాలి, వాటిలో ఒకటైనా ఒంటరిగా ఆడి గెలిచినది కావాలి. సిఫారసులు పనిచేయవు.

నెట్‌ఫ్లిక్స్ 2006 అక్టోబరులో పెట్టిన పోటీ ఇంకా మంచి ఉదాహరణ. ప్రేక్షకులు సినిమాలకు ఇచ్చిన 10 కోట్లకు పైగా రేటింగులు బయటపెట్టి, ఎవరు ఏ సినిమాకు ఎంత రేటింగు ఇస్తారన్న మా అంచనాలను 10 శాతం మెరుగుపరిచినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. దాదాపు మూడేళ్లు పట్టింది. చివర్లో రెండు బృందాలకు ఒకే స్కోరు వచ్చింది. 20 నిమిషాలు ముందు పంపిన బృందం 2009లో బహుమతి పట్టుకుపోయింది. మైసూరు పేటలు పెట్టలేదు, రాబడి గడులు నింపమనలేదు.

కోరమంగళ_కందిపొడి · మంగళవారం, ఉదయం 7:35

పతకాల గారూ, కథ మధ్యలో ఆపేశారు, మిగతాది నేను చెబుతాను.

అంత చేసి గెలిచిన ఆ పూర్తి పరిష్కారాన్ని నెట్‌ఫ్లిక్స్ వాడకంలో పెట్టలేదు. అదనంగా వచ్చే కాస్త కచ్చితత్వం కోసం అంత ఇంజినీరింగ్ శ్రమ గిట్టుబాటు కాదని వాళ్లే 2012లో రాశారు. వాడుకున్నది 2007 నాటి మధ్యంతర బహుమతిలో బయటపడిన రెండు పద్ధతులను. రెండో పోటీ పెడదామనుకున్నారు కానీ, పేర్లు తీసేసిన రేటింగుల నుంచి కూడా మనుషులను గుర్తుపట్టవచ్చని పరిశోధకులు నిరూపించడంతో వ్యవహారం కోర్టు దాకా వెళ్లి, 2010లో విరమించుకున్నారు.

అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి. 2006 డిసెంబరులో సైమన్ ఫంక్ అనే మారుపేరుతో ఒకాయన తన పద్ధతిని దాచుకోకుండా అందరికీ చెప్పేశాడు. అప్పుడు పోటీలో ముందు వరుసలో ఉన్నాడు. నోరు మూసుకుని ఉంటే ఇంకొన్నాళ్లు అక్కడే ఉండేవాడేమో. ఆ పద్ధతిని పట్టుకుని తర్వాత అందరూ మెట్లెక్కారు. మీ కొలతలో ఆ మనిషికి ఏ పతకం వస్తుంది?

(ఉదయం ఏడున్నరకు సిల్క్ బోర్డు దగ్గర క్యాబ్‌లో కూర్చుని రాస్తున్నాను. బండి కదిలితే మళ్లీ రాస్తాను.)

పతకాల_పిచ్చి · మంగళవారం, ఉదయం 8:10

ఫంక్‌కు దక్కవలసింది దక్కలేదన్నది ఒప్పుకుంటాను. కానీ కొలత లేకపోతే ఆయన పద్ధతి మంచిదని ఎవరికీ తెలిసేది కూడా కాదు.

ఐదో_నిలువువరుస · మంగళవారం, ఉదయం 9:02

చెరువుగట్టు గారూ, ఒక చిన్న ప్రశ్న. అబ్బాయి మోడల్ వల్ల తప్పులు తగ్గాయన్నారు. దేనితో పోలిస్తే? పాత పద్ధతి తప్పులను లెక్కించింది అమ్మాయి పట్టికలోంచి ఆ రెండేసి వాపసులను కడిగేయక ముందా, కడిగాకా?

గీతల_గిరాకీ · మంగళవారం, మధ్యాహ్నం 1:15

డ్యాష్‌బోర్డు అనగానే అందరూ పెదవి విరుస్తున్నారు కాబట్టి నా కులవృత్తి తరఫున ఒక మాట. చూపించడం కూడా విద్యే. డేటాను బొమ్మలుగా చూపే సాఫ్ట్‌వేర్ చేసే టాబ్లో సంస్థ వాళ్ల ఐరన్ విజ్ పోటీ ఎప్పుడైనా చూశారా? తుదిపోరులో ముగ్గురుంటారు. అందరికీ ఒకే డేటా ఇస్తారు, వేల మంది ముందు వేదిక మీద 20 నిమిషాల్లో దాన్ని బొమ్మగా మలచాలి. చేయి వణికితే అంతే. ఆ సంస్థ 2003లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన నుంచి పుట్టింది, స్థాపకుల్లో ఒకరైన ప్యాట్ హన్రాహన్ కంప్యూటర్ రంగంలో పెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డును 2019కి పంచుకున్నారు. ఆయనకు అది వచ్చింది కంప్యూటర్ గ్రాఫిక్స్ పనికి. అయినా, గీతలు గీసేవాళ్లంతా పైపై మెరుగులవాళ్లు కాదని చెప్పడానికి ఆ పేరు చాలు.

అమ్మాయి నోటును ఎవరైనా పటంగా గీసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. ఒకే వాపసు రెండు చుక్కలుగా మారే చోటు ఎర్రగా కనిపిస్తే ఎవరికి అర్థం కాదు? మాట తక్కువ అన్నారు కదా, ఆమెకు ఆ సాయం చేయవలసింది లీడ్‌గా మీరే. కటువుగా ఉంటే మన్నించండి.

బెళ్ళందూరు_చెరువుగట్టు · మంగళవారం, మధ్యాహ్నం 2:40

మన్నించడానికి ఏముంది, నిజమే. ఐదో వరుస గారి ప్రశ్న ఉదయం నుంచి నన్ను కూర్చోనివ్వడం లేదు. పాత నోట్‌బుక్కులు తీయిస్తున్నాను.

వైట్‌ఫీల్డ్_వలసపక్షి · మంగళవారం, సాయంత్రం 6:25

లోపలి సన్మానాలు ఇలా ఉంటే, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు తమ వాడకందారులకు ఇచ్చే సన్మానాలు ఇంకో రకం. డేటాబ్రిక్స్ వాళ్లకు డేటా టీమ్ అవార్డులు ఉన్నాయి, స్నోఫ్లేక్ వాళ్లకు డేటా డ్రైవర్స్ ఉన్నాయి, దాదాపు పెద్ద సంస్థలన్నింటికీ ఏదో ఒకటి ఉంది. అవి మంచివో చెడ్డవో నేను చెప్పను. నాకు ఎదురైనది మాత్రం చెబుతాను. నాలుగేళ్ల క్రితం ఒక అమ్మకందారు (పేరు వద్దు) మా బృందానికి అవార్డు ప్రకటించాడు. ఒప్పంద పత్రంలో మా ఫొటో, మా మాటలు, మా కంపెనీ చిహ్నం రెండేళ్లు వాడుకునే హక్కు రాసి ఉంది. మరుసటి నెల ఆ లైసెన్సు పొడిగింపుకు వచ్చింది. అవార్డు గోడకు తగిలించుకుని అదే గదిలో కూర్చుని బేరం ఎలా ఆడతాం? ధర ఒక్క రూపాయి తగ్గలేదు.

అందుకే నాకు సన్మానాల మీద నమ్మకం పోయింది. ట్రోఫీ మాత్రం బరువుగా ఉంటుంది, ఇంట్లో తలుపు మూసుకోకుండా అడ్డం పెట్టాను.

లెక్క_తేలని_లక్ష్మి · మంగళవారం, రాత్రి 8:05

ట్రోఫీల బదులు అమ్మాయి పేరు మీద పేటెంటు తీయించకూడదా? అది శాశ్వతంగా ఉంటుంది కదా.

జీతపు_చీటీ · మంగళవారం, రాత్రి 8:31

కుదరదండీ. మన 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాం, అల్గారిథం ఆవిష్కరణ కిందికి రావు. నలభై వరుసల క్వెరీకి పేటెంటు ఎవరిస్తారు?

ఇంకో సంగతి, ఎవరూ ముందుగా చెప్పరు. వోచర్‌కు పన్ను ఉంటుంది. నాకు 2023లో ఇలాగే 25 వేల వోచర్ ఇచ్చారు. యజమాని ఇచ్చే వస్తువులు, వోచర్లు అన్నీ కలిపి ఏడాదికి 5,000 రూపాయలు దాటితే అప్పటి నిబంధన ప్రకారం జీతంలో లెక్కే. నగదుగా ఇస్తే ఆ కాస్త మినహాయింపు కూడా లేదు. మరుసటి నెల జీతంలో కోత చూసి మా ఆవిడ “ఇదేం సన్మానం, జరిమానానా?” అంది. ఆ పన్ను కంపెనీయే భరిస్తుందేమో ముందే అడిగి పెట్టుకోండి.

పట్టికల_పంతులు · మంగళవారం, రాత్రి 9:50

ఈ వేదికలో అందరికంటే పెద్దవాణ్ణి నేనే అనుకుంటాను. జయనగర్‌లో విశ్రాంత జీవితం గడుపుతున్నాను, ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పాను. మీ కంపెనీల సంగతి నాకు తెలియదు. కానీ చెరువుగట్టు బాబు రాసిన సున్నా గడి చదివాక ఊరుకోలేకపోతున్నాను.

సి.ఆర్. రావు గారు 1920లో మన ఈ కర్ణాటకలోని హడగలిలో, తెలుగు ఇంట పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేశారు. తర్వాత కలకత్తా చేరి, 1945లో అక్కడి మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం రాశారు. ఇవాళ ప్రపంచమంతా క్రామెర్–రావు హద్దు అని పిలిచే ఫలితం అందులోదే. ఆ ఫలితం చెప్పేదేమిటి? పక్షపాతం లేని అంచనా పద్ధతిని మీరు ఎంత తెలివిగా తయారుచేసినా, దాని వేరియన్స్, అంటే అంచనాల్లోని హెచ్చుతగ్గులు, ఫలానా హద్దు కంటే కిందికి దిగదు అని. అంటే అది ఒక “కాదు”. ఇంతకు మించి కుదరదు, ఇక్కడితో ఆగు అని చెప్పే ఫలితం. మీ ఫారంలో ఆయన పేరు రాస్తే రాబడి గడిలో ఏం పెడతారు?

ఆ వ్యాసం కూడా కారణాల్లో ఒకటిగా ఆయనకు అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది 2023లో, 78 ఏళ్లకు. అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో వెళ్లిపోయారు. మధ్యలో ఆయనకు గౌరవాలు లేకపోలేదు, పద్మవిభూషణ్ 2001లోనే ఇచ్చారు. అయినా ఆ పని విలువ మొదట తెలిసింది బహుమతుల కమిటీలకు కాదు, ఆ హద్దును రోజూ వాడుకునే లెక్కలవాళ్లకు.

హిందూపురం అమ్మాయి చేసింది కూడా ఒక “కాదు” అని చెప్పడమే. తల్లికి నా ఆశీస్సులు చెప్పు బాబూ.

రాత్రి_పైప్‌లైన్ · మంగళవారం, రాత్రి 10:12

మాస్టారూ, మీ పోస్టు దాచుకున్నాను. రేపు రాత్రి రెండింటికి ఫోను మోగితే ఒకసారి చదువుకుంటాను.

హెచ్‌ఆర్_గది_నుంచి · బుధవారం, ఉదయం 10:20

నాలుగేళ్లు ఇలాంటి కమిటీకి కాగితాలు అందించే పని చేశాను. లోపల ఏం జరుగుతుందో చెబుతాను, తిట్టుకోకండి.

ఐదుగురు పెద్దలు, నలభై ఫారాలు, రెండు గంటలు. అందులో అరగంట కాఫీకి పోతుంది. ఒక్కో ఫారానికి రెండు నిమిషాలు రావడమే గొప్ప. మొదటి మూడు వరుసలు, ఒక అంకె, ఒక బొమ్మ చూస్తారు. ఎవరికీ దురుద్దేశం ఉండదు, తీరిక ఉండదు. గీతల గారు చెప్పిన ఎర్ర చుక్కల పటం ఆ రెండు నిమిషాల్లో రెండు పేజీల నోటు కంటే ఎక్కువ పని చేస్తుంది.

రాబడి గడిలో సున్నా రాయకండి. అలాగని అబద్ధమూ రాయకండి. సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు ఆమోదం పొందిన బడ్జెట్ కాగితం ఉంటుంది, దాని తేదీ, మొత్తం, రద్దు చేసిన తేదీ జతపరచండి. “కాకుండా ఆగిన ఖర్చు” అని మాటల్లో రాయండి. ఆర్థిక విభాగం వాళ్ల సంతకం ఒకటి ఉంటే కమిటీ నోరెత్తదు.

ఖర్చు ఆపడం కూడా సన్మానానికి తగిన పనే. అమెజాన్ తొలినాళ్లలో తలుపు చెక్కలకు కాళ్లు కొట్టి బల్లలుగా వాడేవారు. ఆ గుర్తుగా, ఖర్చు తగ్గించి కొనుగోలుదారుకు మేలు చేసిన ఆలోచనకు డోర్ డెస్క్ అవార్డు అని ఇచ్చేవారు. బహుమతి చిన్న బొమ్మ బల్ల, అంతే. మరోవైపు గూగుల్ 2004లో ఫౌండర్స్ అవార్డు పేరుతో రెండు బృందాలకు సుమారు 1.2 కోట్ల డాలర్ల విలువైన షేర్లు పంచింది. దానివల్ల సంతోషించినవారి కంటే నొచ్చుకున్నవారే ఎక్కువని అక్కడి హెచ్‌ఆర్ అధిపతిగా పనిచేసిన లాస్లో బాక్ తర్వాత ఒప్పుకున్నారు. మా కమిటీలో ఈ రెండు సంగతులూ చెప్పాను. అందరూ తలూపి వోచర్ విలువ పెంచారు.

బెళ్ళందూరు_చెరువుగట్టు · బుధవారం, రాత్రి 11:30

ఐదో వరుస గారూ, మీకు దండం పెట్టాలో, మీ మీద కోప్పడాలో తెలియడం లేదు.

పాత పద్ధతి తప్పులను మార్చి నెల పట్టిక మీద లెక్కించాం. అప్పటికి రెండేసి వాపసులు అందులోనే ఉన్నాయి. కొత్త మోడల్ తప్పులను ఆగస్టు పట్టిక మీద లెక్కించాం. జూన్‌లోనే అమ్మాయి దాన్ని కడిగేసింది. ఈ రోజు పాత పద్ధతినే ఆగస్టు పట్టిక మీద నడిపించి చూశాను. మోడల్ ఖాతాలో వేసుకున్న మెరుగుదలలో సగానికి పైగా మాయమైంది. మిగిలినది నిజమైనదే, కాదనను. కానీ డ్యాష్‌బోర్డులో పెద్ద అక్షరాలతో కనిపించే ఆ అంకెలో ఎక్కువ భాగం అమ్మాయిది.

ఆ లెక్కను ఆమోదించింది నేనే. సంతకం నాదే.

పతకాల_పిచ్చి · బుధవారం, రాత్రి 11:41

ఇది మోసం కదా! అబ్బాయిని అడగలేదా?

ఐదో_నిలువువరుస · గురువారం, ఉదయం 6:50

మోసం అనకండి. ఇద్దరూ ఒకే పట్టిక మీద ఎవరి పని వారు చేసుకుంటే ఇలాగే జరుగుతుంది. నేనూ చేశాను, నా అంకె ఏడాదిన్నర పాటు ఒక ప్రదర్శనలో తిరిగింది. పట్టికలో ఏ తేదీన ఏం మారిందో రాసి పెట్టే అలవాటు ఉంటే పట్టుబడేది. ఆ చిట్టా రాయడం ఎవరి పనీ కాదు కాబట్టి ఎవరూ రాయరు.

వైట్‌ఫీల్డ్_వలసపక్షి · గురువారం, ఉదయం 9:15

సోమవారం అబ్బాయిని పంపమన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ట్రోఫీ మాత్రం తలుపు దగ్గరే ఉంటుంది.

బెళ్ళందూరు_చెరువుగట్టు · శుక్రవారం, సాయంత్రం 7:05

ఫారం పంపేశాను. ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత.

నిన్న అబ్బాయిని కాఫీకి తీసుకెళ్లి రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టాను. రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “సార్, అంకె నేనే మార్చనా?” అని అడిగాడు. సాయంత్రానికి డ్యాష్‌బోర్డులో చిన్న అంకె వచ్చింది, దాని కింద పట్టిక ఏ తేదీన ఎవరు సరిచేశారో ఒక వరుస కూడా చేర్చాడు. ఆ వరుస రాయమని నేను చెప్పలేదు. ఎర్ర చుక్కల పటం కూడా అతనే గీశాడు, గీతల గారు చెప్పినదానికంటే బాగా వచ్చింది.

పై అధికారి మాత్రం చిన్నబుచ్చుకున్నారు. పాత అంకె ఇప్పటికే మూడు దేశాలకు వెళ్లిందట. సోమవారం ఆయనతో విడిగా కూర్చోవాలి, ఆ కథ ఇక్కడ రాయలేను.

అమ్మాయి పేరు రాశాను. మొదట వద్దంది. పంతులు గారి పోస్టు చూపించాను. మొత్తం చదివి, “ఆయన హడగలిలో పుట్టారా? అది బళ్ళారి వైపు కదా, మా మేనత్త వాళ్లది అటే” అంది. ఆ తర్వాత వద్దనలేదు. రాబడి గడిలో హెచ్‌ఆర్ గారు చెప్పినట్టే “కాకుండా ఆగిన ఖర్చు” అని రాసి, బడ్జెట్ కాగితం జతచేశాం. ఆర్థిక విభాగం సంతకం దొరికింది. వోచర్ పన్ను సంగతి అడిగితే కనుక్కుని చెబుతామన్నారు.

జీతపు_చీటీ · శుక్రవారం, సాయంత్రం 7:22

కనుక్కుని చెబుతామన్నారంటే మీరే కట్టుకోవాలని అర్థం.

పట్టికల_పంతులు · శుక్రవారం, రాత్రి 8:40

శుభం. ఆ అబ్బాయికి కూడా నా ఆశీస్సులు.

బెళ్ళందూరు_చెరువుగట్టు · సోమవారం, ఉదయం 11:10

ఫారం వెనక్కి వచ్చింది. అభ్యర్థి ఫొటో నిలువుగా ఉండాలట, మేం అడ్డంగా ఉన్నది పంపామట. సాయంత్రంలోగా మార్చి పంపమన్నారు. అమ్మాయి ఈ రోజు సెలవులో ఉంది, హిందూపురం వెళ్లింది. బృందం ఫొటోల్లో వెతికితే అన్నింటిలోనూ చివర్లో, సగమే కనిపిస్తోంది.

రాత్రి_పైప్‌లైన్ · సోమవారం, ఉదయం 11:14

ఉన్నవాటిలో మంచిది నాకు పంపండి, కత్తిరించి నిలువుగా చేసిస్తాను.